పని చేసినట్టే తెలియని షెడ్డు

ఫిబ్రవరి 4, మంగళవారం ఉదయం ఆరూ నలభైకి పాపారాయుడు పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. అప్పుడే ఫోను మోగింది. నోట్లో నురగతో మాట్లాడితే అవతలివాళ్ళ మీద పడుతుందని ఫోను తమ్ముడు గవర్రాజు చేతికిచ్చాడు. ఇంత ముందుచూపు ఉన్న ఇల్లు కాకినాడలో ఇంకోటి లేదని అన్నదమ్ముల అభిప్రాయం. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే కాబట్టి అది ఏకగ్రీవం.

ఫోను చేసింది సామర్లకోట నుంచి మేనత్త వరహాలమ్మ. వయసు డెబ్బై ఆరు. భర్త పోయి పదకొండేళ్ళయింది. ఆయన వస్తువుల్లో ఆవిడకు బాగా ఇష్టమైంది రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు, 1974 నాటిది. మేనల్లుళ్ళ ఇంటి ముందే ఉంటోంది. ఇంజను ఇప్పటికీ గుర్రుమంటుంది, ఒళ్ళే తుప్పు పట్టింది. 16వ తేదీ ఆదివారం బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు ఉంది. అందులో, ఆ ముందు సీట్లో, ఇంకొక్కసారి కూర్చోవాలని ఆవిడ కోరిక. తుప్పు కార్లను రానివ్వమని నిర్వాహకులు ముందే చెప్పేశారు.

"ఒరే, మంచి షెడ్డు వెతికి డెంటింగూ పెయింటింగూ చేయించండి. కనపడినవాడికల్లా ఇచ్చెయ్యకండి. మంచి షెడ్డుకు గుర్తేంటో తెలుసా? పని చేసినట్టే తెలియకూడదు."

"రాసుకున్నానత్తయ్యా," అన్నాడు గవర్రాజు. నిజంగానే అరచేతి మీద రాసుకున్నాడు.

తొమ్మిదింటికి కారేసుకుని ఆటోనగర్ చేరారు. మొదటి షెడ్డు సుభానీది. ముప్పై ఏళ్ళ అనుభవం.

"తుప్పు రేకు కోసేసి కొత్తది అతకాలి బాబూ. ఎనిమిది తొమ్మిది రోజులు పడుతుంది," అన్నాడు సుభానీ.

పాపారాయుడు ముక్కు ఎగబీల్చాడు. "ఏదో వాసనొస్తోంది."

"పెయింటు షెడ్డండీ ఇది. పెయింటు వాసన రాక సాంబారు వాసనొస్తుందా?"

"సుత్తి చప్పుడు వీధి చివరికి వినపడుతోంది."

"సొట్ట తియ్యాలంటే కొట్టాలి కదండీ."

"మీ చొక్కా నిండా రంగు!"

సుభానీ చొక్కా చూసుకున్నాడు.

"చూశావురా తమ్ముడూ, గేటు దగ్గరే తెలిసిపోతోంది, ఇక్కడ పని చేస్తారని. పద."

అంతే. రెండో షెడ్డులో కంప్రెసర్ మోగుతోంది. మూడోదాంట్లో ఇసుక కాగితంతో బోనెట్ రుద్దుతున్నారు. నాలుగోదాని ముందు తలుపొకటి ఆరబెట్టారు. ఎవరికీ దాచుకోవడం చేతకాలేదు. పదకొండున్నరకు లైను చివర ఒక షెడ్డు కనపడింది. షట్టరుకు తాళం, తాళానికి సాలెగూడు. చప్పుడు లేదు, వాసన లేదు, మనిషి లేడు.

"అది మూసేసి ఏడాదైందండీ," అన్నాడు పక్కనున్న టీకొట్టాయన.

"ఏడాదిగా పక్కనే ఉన్నారు. ఇక్కడ పని చేసినట్టు మీకెప్పుడైనా తెలిసిందా?"

"లేదండీ."

"ఇంకేముంది అన్నయ్యా, దొరికేసింది!"

కారును షట్టరు ముందు పెట్టి, తాళానికి ఓ నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేశారు.

గురువారం వెళ్ళి చూశారు. తలుపు కింద అరచేయంత చిల్లు అలాగే ఉంది. గవర్రాజు భూతద్దం పెట్టి వెతికాడు. పని చేసిన ఆనవాలు ఎక్కడా లేదు.

"హస్తవాసి అంటే ఇదిరా," అన్నాడు పాపారాయుడు. తాళానికి ఇంకో నమస్కారం పెట్టాడు.

ఫోటో తీసి అత్తకు పంపారు. వెంటనే ఫోనొచ్చింది.

"ఇది పాత ఫోటో కదరా. కొత్తది పంపండి."

అన్నదమ్ములు ఒకర్నొకరు కావలించుకున్నారు. "అత్తయ్యే కనిపెట్టలేకపోయింది!"

"ఇంతకీ ఏ షెడ్డులో ఇచ్చార్రా?"

"పేరు లేదత్తయ్యా. మనిషి కూడా లేడు. ఆటోనగర్ మొదట్లో ఆ సుభానీ ఉన్నాడు చూడు, అంతా చప్పుడూ వాసనానూ. ఎలాగో తప్పించుకున్నాం."

వరహాలమ్మ ఆ ఫోటో మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత, "సరే. ఇక అటు వెళ్ళకండి. ఆదివారం తొమ్మిదికి కారు బీచ్ రోడ్డుకు తెచ్చేయండి, నేనక్కడుంటాను," అంది. ఫోను పెట్టేసి సుభానీ నంబరు కనుక్కుంది. రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది, దాన్నీ ఆ ఫోటోనూ అతనికి పంపింది. సుభానీ ఫోటోలోని షట్టరును గుర్తుపట్టి, కారు తెచ్చుకుని, తుప్పు కోసి, రేకు అతికి, పుట్టీ పెట్టి, ఎర్ర రంగు వేసి, 15వ తేదీ సాయంత్రం కారును మళ్ళీ ఆ షట్టరు ముందే పెట్టాడు. మేనల్లుళ్ళను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆవిడే అలా చెప్పింది.

ఆదివారం ఏడింటికి అన్నదమ్ములొచ్చారు. కారు అద్దంలా మెరుస్తోంది. పాపారాయుడు అందులో తన మొహం చూసుకుని, "ఇది మనది కాదు," అన్నాడు.

"నంబరు మనదే అన్నయ్యా."

"ఎవడో రాయించుంటాడు."

"మన తాళంచెవి పడుతోంది."

"ఎంత తెలివైన దొంగో చూశావా! మన కారుకి పని చేసినట్టే తెలిసేది కాదు. దీనికెంత చేశారో కిలోమీటరు నుంచి తెలుస్తోంది. మంచిది పట్టుకుపోయి ఇది మన నెత్తిన పెట్టాడు."

ఇంకేముంది. నిజాయితీపరులు కాబట్టి కారును నేరుగా పోలీస్ స్టేషనుకు తోలారు. రెండు ఫిర్యాదులు రాశారు. కారు పోయిందని ఒకటి, కారు దొరికిందని ఒకటి. ఎస్సై రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఏమయ్యా, రెండింట్లోనూ ఒకటే నంబరు కదా?"

"అదే కదండీ మా బాధ," అన్నాడు గవర్రాజు. లెక్క తేలేదాకా కారు స్టేషన్లోనే ఉండిపోయింది.

బీచ్ రోడ్డులో వరహాలమ్మ గంధం రంగు పట్టుచీర కట్టుకుని తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా నిలబడింది. ముప్పై ఒక్క కార్లు వెళ్ళాయి. ఎర్రవి నాలుగు. నాలుగింటికీ మెడ చాచి చూసింది.

బుధవారం ఆవిడ కాగితాలు పట్టుకుని స్టేషనుకు వెళ్ళి కారు విడిపించుకుంది. అదే చీర కట్టుకుంది. సుభానీ నడిపాడు. ఊరేగింపు లేని బీచ్ రోడ్డులో, ముందు సీట్లో కూర్చుని, ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగింది.

మూడో ఫిర్యాదు గురువారం ఉదయం ఎస్సైకి అందింది. దొంగ ఈసారి తమ అత్తయ్యను కూడా ఎత్తుకుపోయాడని, బీచ్ రోడ్డులో కళ్ళారా చూశామని అన్నదమ్ములు రాసిచ్చారు. ఆనవాళ్ళు అన్నచోట: గంధం రంగు పట్టుచీర, నవ్వు మొహం.