పాత ఆకులు, వేణ్ణీళ్లు

ఒక రాజుగారి కొలువులో లేఖకులంతా కలిసి శాసనాలు దిద్ది తిరగరాస్తుండేవారు. ఒకరోజు, దిద్దక ముందున్న పాత ప్రతులు దాచాలా వద్దా అని తగువొచ్చింది.

మంత్రి మల్లనామాత్యుడు బొజ్జ నిమురుకుంటూ, "కొత్తదే చెల్లుతుంది. పాత తాటాకులన్నీ పొయ్యిలో పెట్టండి" అని తేల్చేశాడు.

కట్టెలకు బదులుగా ఆ ఆకులన్నీ, మంత్రి స్నానానికి నీళ్లు కాచే ఎర్రక్కకు చేరాయి. మర్నాడు మంత్రి స్నానానికొస్తే, ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఎవరయ్యా నువ్వు? ఇది మంత్రిగారి స్నానాలగది."

"నేనే మంత్రిని. నన్ను నియమించిన శాసనం ఎప్పటినుంచో ఉంది."

"ఎప్పటిదో అయితే పాతదేగా. పొయ్యిలో పెట్టమన్నారు."

మంత్రి దిగొచ్చి, "పాతవి దాచాలి కదే" అన్నాడు నీరసంగా.

ఎర్రక్క కాగు కిందినుంచి తాటాకుల కట్ట బయటికి లాగింది.

"ఇంకా అంటించలేదు దొరా. దాచమంటే మాత్రం ఇవాళ మీకు చన్నీళ్లే."