ముద్ద జినియా దండ

సన్యాసమ్మ పెరట్లో ముసలి గేదె, పొడుగు పలుపుతో గుంజకు కట్టేసిన బొల్లిగాడనే మేకపోతు, గోడమీద డేగపుంజు ఉండేవి. ఆ ఏడు సన్యాసమ్మ సంతలో ముద్ద జినియా విత్తనాలు కొంది. నారు పీకి నాటితే ఓర్వవని నేరుగా పగిలిన బకెట్లలోనే చల్లి, పైన పలచగా మట్టి కప్పింది. పొట్టి రకం. మొక్క జానెడే గానీ పువ్వు రేకు మీద రేకుతో ముద్దగా పూస్తుంది.

మొలకలు చూసి సన్యాసమ్మ చేతులు జోడించింది. "అమ్మా నూకాలమ్మా! నా చేత్తో పెంచిన పూలదండ వేసి ఈ మేకపోతును నీకిచ్చుకుంటాను. పూలు పూయకపోతే ఈసారికి పుంజుతో సరిపెట్టుకో తల్లీ."

మేకపోతు అన్న మాట దగ్గరే బొల్లిగాడికి చెవులు దిబ్బడేశాయి. ఆ తర్వాతి మాట వాడు వినలేదు. పుంజు వింది.

బొల్లిగాడు భయం పైకి కనబడనివ్వలేదు. పుంజు చూస్తోందని గడ్డం ఎగరేశాడు. మేకపోతు గాంభీర్యమని ఊరికే అన్నారా!

"దండ లేకపోతే బలి లేదు కదా మావా! ఈ మొక్కలన్నీ పీకి పారేస్తాను," అన్నాడు.

పూలు లేకపోతే తన వంతేనని పుంజుకు తెలుసు. కానీ గొంతు మాత్రం తేనెలో ముంచింది. "ఓరి పిచ్చి అల్లుడూ! పీకితే ఆవిడ మళ్ళీ విత్తదూ? డబ్బాలో గింజలు ఇంకా ఉన్నాయి. చిగురు తల మాత్రం కొరుకు. చావలేక, బతకలేక అవే మాడిపోతాయి. ఆవిడకి అనుమానమూ రాదు."

"ఎంత బుర్ర మావా నీది!"

గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని నవ్వే జాతి వాడిది. ఆ జాతివాడే వెళ్ళి పుంజును నమ్మాడు.

ఆ పూటే ప్రతి మొక్కకూ తల కొరికేశాడు. నాలుగు రోజులు హాయిగా నిద్రపోయాడు. తర్వాత చూస్తే, కొరికిన చోటుకి కింద రెండేసి కొమ్మలు!

"మావా, ఇదేంటి?"

"ఆరిపోయే దీపానికి వెలుగెక్కువరా. వాటినీ కొరుకు."

కొరికాడు. రెండు నాలుగయ్యాయి. బకెట్లు కనబడకుండా గుబురు కమ్మేసింది. కొమ్మకో మొగ్గ. సన్యాసమ్మ వచ్చి చూసి మురిసిపోయి బొల్లిగాడి వీపు నిమిరింది. ఆ చెయ్యి తగలగానే వాడు ఎగిరి పక్కకి దూకాడు.

వాడు నేరుగా గేదె దగ్గరికి పోయాడు. "అత్తా, ఇవి చావవేం?"

గేదె నెమరు ఆపింది. "తల తుంచితే చచ్చేది నువ్వూ నేనూరా. జినియా కాదు. దానికి తుంచిన కొద్దీ పూత."

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు నన్నడిగావా? పుంజునడిగావు. నువ్వు కాకపోతే అమ్మోరికి పోయేది అదేనని కూడా తెలీదా నీకు?"

బొల్లిగాడు పిచ్చెత్తినట్టు బకెట్ల మీద పడ్డాడు. ఒక్కటి దొర్లించాడో లేదో, పుంజు ఊరంతా వినబడేలా కూసింది. సన్యాసమ్మ పరుగున వచ్చి పలుపు పొట్టి చేసి, మూతి మొక్కలకు అందకుండా కట్టేసింది. ఇక వాడికి మిగిలింది చూడటమే. ఎర్రవి, పసుపువి, ఒక్కో పువ్వూ విచ్చుతుంటే వాడు చూశాడు.

అమ్మోరి పండగనాడు దండ బొల్లిగాడి మెడ నిండా పడింది. పసుపునీళ్ళు చల్లి, ఒళ్ళు దులుపుతాడా లేదా అని అందరూ నిలబడ్డారు. దులిపితే అమ్మోరు ఒప్పుకున్నట్టు. వాడు ఊపిరి బిగబట్టాడు. చచ్చినా దులపకూడదనుకున్నాడు. కానీ చెవిలో నీళ్ళు దిగితే ఏ మేక ఆగుతుంది?

దులిపాడు. "అమ్మ ఒప్పుకుంది!" అన్నారందరూ.

ఆ సాయంత్రం గేదె మేత ముట్టలేదు. పుంజు మాత్రం గుంజ చుట్టూ మేక వదిలేసిన గింజలు ఏరుకు తింది.

నీతి: సలహా వినేముందు, అది చెప్పేవాడి మెడ ఏ కత్తి కింద ఉందో చూసుకోవాలి.