చిడతలు మోగని చోటు

కాత్యాయని కథ మరిచిపోతోంది.

అరవై దాటాక హరికథ నేర్చుకుందామె. రుక్మిణీ కల్యాణం చెప్పినన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఈసారి సైన్సు దినోత్సవానికి అంతరిక్ష టెలిస్కోపుల కథ చెప్పమని కాలేజీవాళ్లు అడిగారు. పుస్తకాలు తెప్పించుకుని చదివి, తనే కథ అల్లుకుంది. అల్లిందే గాని నోట నిలవడం లేదు.

వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో కన్నకూతుర్నే పట్టుకుని, "నువ్వెవరి తాలూకమ్మా?" అని అడిగేది. ఆ మాట ఇప్పుడు కాత్యాయని చెవిలోంచి పోవడం లేదు.

సైన్సు దినోత్సవం రానే వచ్చింది. కథ ఆ సాయంత్రమే. మధ్యాహ్నం గురువు కొండలదాసు గారి అరుగు మీద ఒకసారి చెప్పుకుంది. మృదంగం అప్పన్నది.

"చుక్కలు మిణుకుమంటాయంటాం. ఆ మిణుకు చుక్కలది కాదు నాయనలారా, మన గాలిది! గాలి కదిలితే వెలుగు వణుకుతుంది. గాలి దాటి పైకి పోయి చూద్దామన్నారు పెద్దలు. ఏళ్లకేళ్లు వాదించారు. చివరికి హబుల్ టెలిస్కోపు పైకెళ్లింది. తీరా చూస్తే ఏముంది, అంతా మసక! అద్దం చెక్కడంలో వెంట్రుక మందం కూడా లేని తప్పు. లోకమంతా నవ్వింది. మనుషులు పైకెళ్లి దానికి కళ్లజోడు పెట్టి వచ్చారు. చూపు కుదిరింది. అప్పుడది ఎటు చూసిందయ్యా అంటే..."

తర్వాతి మాట లేదు. చెయ్యి దానంతటదే చిడతలు మోగించింది.

"శ్రీమద్రమారమణ గోవిందో హారి!"

మాట అందనప్పుడు హరిదాసులు చేసే పనే అది. జనం హారి అనేలోగా మాట దొరుకుతుంది. కాత్యాయనికి దొరకలేదు. మళ్లీ గోవిందుణ్ణి పిలిచింది.

"సైన్సు కథలో దేవుడుండడనుకున్నానండి అమ్మగారూ," అన్నాడు అప్పన్న. "చూడబోతే అడుగడుక్కీ ఆయనే. ఇలాగైతే కథే గోవిందా!"

దాసుగారు నవ్వలేదు. చెయ్యి చాచారు.

"చిడతలు ఇలా ఇయ్యి."

ఇచ్చింది. ఆయన వాటిని ఉత్తరీయంలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

"అవి లేకుండా ఎలా గురువుగారూ? మరిచిపోతే?"

"నిలబడు."

"నిలబడి ఏం చెయ్యను?"

ఆయన కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

సాయంత్రం కాలేజీ హాలు నిండింది. దాసుగారు ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన ఒళ్లో ఉత్తరీయం మూట అలాగే ఉంది.

"చూపు కుదిరింది. అప్పుడది ఎటు చూసిందయ్యా అంటే..."

మళ్లీ అక్కడే. ఖాళీ.

కాత్యాయని చెయ్యి లేచింది. వేళ్ల మధ్య ఏమీ లేదు. ఆదుకుందామని అప్పన్న మృదంగం అందుకోబోయాడు. దాసుగారు వేలెత్తి ఆపారు.

హాలంతా చప్పుడు లేదు. అమ్మ కూడా ఇలాంటి చోటే నిలబడి అడిగేదా? తప్పుకోవడానికి దారి లేక ఆ ఖాళీ వంకే చూసింది. చూస్తూ నిలబడింది.

"ఏమీ లేని చోటువైపు!" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"సప్తర్షుల దగ్గర, కంటికి ఒక్క చుక్కైనా ఆనని నల్లటి జాగా. అటు చూడ్డం దండగన్నారు. అది రోజుల తరబడి అటే చూసింది. ఆ నలుపులోంచి గెలాక్సీలు తేలాయి నాయనలారా, వేలకు వేలు! మన భూమి పుట్టకముందు బయల్దేరిన వెలుగు, అప్పుడొచ్చి అందింది!"

ఎవరో "హారి!" అన్నారు, ఆమె అడక్కుండానే.

ఎండకు గొడుగు పట్టుకుని చలిలో కూర్చున్న వెబ్ టెలిస్కోపు దాకా కథ నడిచింది. మంగళం పాడి దిగాక కాత్యాయని గురువు దగ్గరికి వచ్చింది.

"నిజంగానే మరిచిపోయాను గురువుగారూ. అందరూ కథలో భాగమనుకున్నారు."

"చూశాను."

"రేపు మనుషుల్నే మరిచిపోతే?"

దాసుగారు మూట విప్పి చిడతలు ఆమె చేతిలో పెట్టారు.

"అప్పుడూ నిలబడు. ఆ ఖాళీ చోట మాత్రం ఇవి మోగించకు," అన్నారు.