లక్క ముద్ర వేసిన ఎర కుండలు

ఒకానొక రాజ్యంలో, ఏరు సముద్రంలో కలిసే చోట కొర్లమ్మ అనే బెస్తామె ఉండేది. గుల్లలు ఒలిచి, లోపలి మాంసం ఉప్పులో ఊరబెట్టి, ఊరి గాలాలకు ఎరగా కుండల్లో దాచేది. ఏటా వానల్లో చెమ్మ తగిలి సగం ఎర పాడయ్యేది. వేట సాగక ఊరు పస్తులుండేది.

ఆ ఏడు వానలకు ముందు, కొత్తగా వచ్చిన రేవు అధికారి సర్వారాయుడు ముక్కు మూసుకుని, "ఈ కంపు కుండలు పగలగొట్టండి" అన్నాడు.

"పగిలితే కంపు ఊరంతా పాకుతుంది బాబూ. తమరి లక్క ముద్ర పడితే, దాటి రావడానికి గాలికైనా దమ్ముండదు" అంది కొర్లమ్మ.

అధికారి ఉబ్బిపోయాడు. మూతల చుట్టూ లక్క కరిగించి పోయించి, ముద్ర వేయించాడు.

వానలు వెలిశాక వచ్చి వాసన చూశాడు. కంపు లేదు. తన అధికారానికి తానే మురిసిపోయి, "ఇక ముద్రలు తీసేసుకోండి" అని వెళ్లిపోయాడు.

మర్నాడు కొర్లమ్మ పెద్ద వంజరం చేప తెచ్చి ఆయనకు దండం పెట్టింది.

"లక్క కొనే తాహతు మాకెప్పుడూ లేదు బాబూ. ఎర మొత్తం నిలిచింది ఈ ఏడే. ఊరంతా తమరి పేరు చెప్పుకుని తింటోంది. వచ్చే వానలకు ముందు కూడా తమరికి కంపు కొట్టేలా చూసుకుంటాం."