ఒట్టు అడగని మరిడమ్మ

అనగనగా అనగానే రాజుగారనుకున్నారా? రాజూ లేడు, గీజూ లేడు. అనగనగా ఏటి ఒడ్డున మా ఊరు, ఊళ్లో తుంగచాపలు అల్లుకు బతికే మరిడమ్మ. ఆవిడ మా ఊరిదని చెప్పుకోవడం నాకెంత గొప్పో! ఊఁ కొట్టండి మరి.

ఊరి పడవవాడు గౌరయ్య. మంచివాడే, కానీ సారాకి బానిస. ఆ రోజుల్లో తాగుబోతుకి ఊరు చేసే వైద్యం ఒకటే. అమ్మవారి ముందు కర్పూరం ఆర్పించి ఒట్టు వేయించడం. మూడోసారి తప్పితే వెలి.

గౌరయ్య ఒట్టేశాడు. ఎనిమిది రోజులు ఆగాడు. తొమ్మిదోనాడు ఒక్క గుక్క పడింది. "ఒట్టు ఎలాగూ పోయింది, ఇక ఆగితే ఎంత, తాగితే ఎంత!" అని కుండంతా తాగేశాడు. రెండోసారీ అంతే.

మూడో ఒట్టుకి పెద్దలు రోజు పెట్టారు. గౌరయ్య పెళ్లాం చిట్టెమ్మ చంటిపిల్లని చంకనేసుకుని మరిడమ్మ దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"అత్తా, ఈసారి వెలేస్తే ఆయన బతకడు."

"ఒట్టు వేయనివ్వకు. నా దగ్గరికి పంపు."

గౌరయ్య తల దించుకుని వచ్చాడు. ఎందుకు తాగావని అందరూ తిట్టేవాళ్లే. మరిడమ్మ మాత్రం, "ఏ వేళకి తాగబుద్ధవుతుందిరా అబ్బాయ్?" అంది.

అలా అతన్నెవరూ అడగలేదు. "సందెవేళ, అత్తా. పడవ కట్టేసి, మా అన్న మునిగిపోయిన రేవు మీదుగా ఒక్కణ్నే ఇంటికి రావాలి," అని భోరుమన్నాడు. ఆవిడ నీతులు చెప్పలేదు, విన్నది.

"అయితే రోజూ నేనూ నీతో నడుస్తా. ఈ పూటకి ఆగు, చాలు."

ఒట్టు రోజున గౌరయ్య గుడికి పోలేదు, వాడి పూచీ నాదని మరిడమ్మే పెద్దలకి చెప్పింది. ఒక నెల నడిచారు. రెండు నెలలు నడిచారు. మూడో నెలలో ఆవిడ జ్వరంతో పడుకుంది. ఆ సందెవేళ గౌరయ్య వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"తాగాను, అత్తా! అంతా పోయింది!"

"ఎంత తాగావు?"

"ఒక్క గుక్క."

"మిగతా కుండ?"

"వదిలేసి వచ్చాను."

మరిడమ్మ జ్వరం మరిచి లేచి కూర్చుంది. "ఓరి నా తండ్రే! కుండ వదిలొచ్చావా! ఇదివరకెప్పుడైనా వదిలావట్రా?"

వెనకాలే పెద్దలు వచ్చారు. "తప్పాడు, వెలి!" అన్నారు.

"వేయని ఒట్టు ఎలా తప్పాడయ్యా? నోట్లో ముద్ద పెట్టుకుని, నిండు కంచం ముందునుంచి లేచిపోగలరా మీలో ఎవరైనా? వీడు లేచి వచ్చాడు!"

పెద్దలు వచ్చిన దారినే వెళ్లిపోయారు. వెలి మాట ఆనాటితో పోయింది. గౌరయ్య మళ్లీ సారా ముట్టలేదు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ల తాగుబోతులందరికీ ఆవిడ గుమ్మమే దారయింది. మరిడమ్మ పోయిననాడు పాడె మోయడానికి డెబ్బై మంది వంతులేసుకున్నారు. ఏ జమీందారుకి దక్కింది ఆ భాగ్యం?

ఇప్పటికీ మా ఊళ్లో తాగేవాడి చేత ఒట్టు వేయించరు. జారినవాడు తిరిగొస్తే ఒక్కటే అడుగుతారు, "కుండ వదిలొచ్చావా?" అని. వదిలొచ్చానంటే చాప వేసి, పక్కన కూర్చుంటారు.

మా తాత ఆ చాప మీద నాలుగుసార్లు కూర్చున్నాడు. ఐదోసారి అవసరం రాలేదు.