పులి చోటుకి తువ్వాలు

తెలివంతా మాలకొండయ్య ఇంట్లోనే పోగుపడిందని అందరూ అనేవాళ్ళు. అందరూ అంటే మాలకొండయ్య, ఆయన పెళ్ళాం వెంగమ్మ, తమ్ముడు అంకయ్య.

ఊరి పక్క అడవిని కేంద్ర ప్రభుత్వం నేషనల్ పార్కు చేసింది. మాలకొండయ్యకు అందులో వాచర్ ఉద్యోగం దొరికింది, కాకపోతే టెంపరరీ. ఎలాగైనా పర్మినెంటై ఖాకీ చొక్కాతో ఊరంతా తిరగాలని ఆయన ప్రాణం కొట్టుకులాడేది.

పార్కు తెరిచిన రోజే రేంజరు గారు చెప్పారు. "ఇవాళ పార్కు ఎట్టా ఉందో ఎప్పటికీ అట్టాగే ఉండాల. ఏదీ మారటానికి వీల్లేదు. వేసవిలో ఢిల్లీ సారు వస్తారు. ఆయన మెచ్చుకుంటే నువ్వు పర్మినెంటు."

అంతే, ముగ్గురూ నడుం బిగించారు. వాగు నీళ్ళు కిందికి పోతున్నాయని వెంగమ్మ బిందెతో కింద ముంచి పైన పోసింది. దుప్పి గడ్డి మేస్తుంటే అంకయ్య దాని నోట్లోంచి లాక్కున్నాడు. అది ఒక్క కుమ్ము కుమ్మింది.

"చూశావా వదినా, దొంగలకి కోపమెక్కువ!" అన్నాడు నడుం పట్టుకుని.

ఇంకేముంది, చలికాలం పోగానే ఆకులు రాలడం మొదలైంది. ఉద్యోగం పోయినట్టేనని మాలకొండయ్య చెట్టు కింద కూర్చుని బావురుమన్నాడు. చివరికి ముగ్గురూ ఆకులేరి, సూదీదారంతో కొమ్మలకు కుట్టారు. అవి ఎండిపోయాయి.

"ఆ రోజు పచ్చగా ఉండె గదయ్యా!" అంది వెంగమ్మ. అంతే, డబ్బాల కొద్దీ పచ్చ పెయింటు పూశారు.

ఢిల్లీ సారు వచ్చే రోజు పొద్దున్నే అంకయ్య పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా! పార్కు తెరిచిన రోజు బండ మీద పులి పడుకోనుండె. ఇప్పుడు లేదు!"

"నీళ్ళకి పొయ్యుంటదిలేరా. ఈలోపు ఆ చోట్లో ఇంకెవరన్నా కూర్చుంటే?" అంటూ మాలకొండయ్య భుజం మీది తువ్వాలు తీసి, బస్సులో సీటుకి వేసినట్టు బండ మీద వేసొచ్చాడు.

పులి వచ్చింది. తువ్వాలు వాసన చూసింది. మెత్తగా ఉందనుకుందో ఏమో, దాని మీదే పడుకుంది.

ఢిల్లీ సారు జీపు దిగనే లేదు. దూరం నుంచే చూసి ఉబ్బితబ్బిబ్బయ్యారు. నడివేసవిలో ఇంత పచ్చదనమా, ఎదురుగా బండ మీద పులి కూడానా! అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. రేంజరు గారు ఆ కాగితం తెచ్చి మాలకొండయ్య చేతిలో పెట్టారు.

"రేపట్నుంచి నువ్వు పర్మినెంటయ్యా!"

మాలకొండయ్యకు కన్నీళ్ళు ఆగలేదు. కాగితం కళ్ళకద్దుకున్నాడు. అంతలోనే ఉలిక్కిపడి వెనక్కి ఇచ్చేశాడు.

"వద్దు సార్. పార్కు తెరిచిన రోజు నేను టెంపరరీ. ఏదీ మారటానికి వీల్లేదని మీరేగా చెప్పింది!"

"పరీక్ష పెట్టారు గానీ, మా ఆయన దొరుకుతాడా!" అంది వెంగమ్మ మురిసిపోతూ.