నలభై రోజుల కుండ

ఒక కొండ మీద ఒక విద్యాలయం ఉండేది. కొండ కింద వర్తకుల పట్నం ఉండేది. పైన పండితులు కొత్త కొత్త వస్తువులు కనిపెట్టేవారు. వాటిని వేలకొద్దీ చేయించి ఊరూరా పంపగలిగిన వాళ్ళు కింద ఉండేవారు.

ఏడాదికొకసారి వర్తకులు పల్లకీల్లో కొండెక్కేవారు. ఊరక రారు మహానుభావులు. నచ్చిన వస్తువుకు పెట్టుబడి పెట్టి, దాన్ని తమ సరుకుగా చేసుకుని దిగిపోయేవారు. ఒక్కో పండితుడికి ఒక్కో గిన్నె సమయం. అడుగున సన్నటి చిల్లున్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో వదిలేవారు. అది నిండి మునిగేలోపు చెప్పవలసింది చెప్పాలి. వరసగా మూడేళ్ళు ఎవరికీ నచ్చని వస్తువును అటక మీద పెట్టి తాళం వేసేవారు. ఆ తాళం మళ్ళీ తీసిన దాఖలా లేదు.

పండితులతో ఒక చిక్కు. గురువుకు నమస్కరించందే వాళ్ళు నోరు తెరవరు. గురువుకు పెడితే గురువు గారి గురువుకూ పెట్టాలి. ఆ తర్వాత, తమకంటే ముందు ఆ సంగతి తలపెట్టిన వాళ్ళందరినీ పేరుపేరునా తలచుకుని, ఎవరెక్కడ పొరబడ్డారో చెప్పాలి. ఈ మర్యాదలన్నీ పూర్తయ్యేసరికి గిన్నె బుడుంగున మునిగేది. అంత గొప్ప బుర్రలు ఏటా అదే తొట్టిలో మునిగిపోయేవి.

అక్కడ ఒక పండితురాలు ఒక కుండ చేసింది. మెట్టప్రాంతంలో కొన్ని ఊళ్ళ నీళ్ళు నాలుకకు తియ్యగానే ఉంటాయి, ఎముకలను మాత్రం వంచేస్తాయి. ఆమె ఒక రకం ఎర్రరాయిని కాల్చి, పొడిచేసి, మట్టిలో కలిపింది. ఆ మట్టితో చేసిన కుండలో నీళ్ళు పోసి ఒక పూట ఉంచితే చాలు, నీళ్ళలోని విషం కుండకు అంటుకుపోతుంది. నేను తేలిగ్గా చెప్పేశాను గానీ, ఆమెకు పదకొండేళ్ళు పట్టింది. పగిలిన కుండల పెంకులు పెరటిగోడ ఎత్తున పేరుకున్నాయి. అలాంటి మొండితనానికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను.

మొదటి ఏడు ఆమె గిన్నె గురువుల దగ్గరే మునిగింది. రెండో ఏడు గురువులను తగ్గించుకుంది గానీ, రాతి గుణాలు వర్ణిస్తుండగా మునిగింది. వర్తకులు ఆవలించి లేచిపోయారు. ఇక మిగిలింది మూడో ఏడు.

"ఈసారి కూడా కాకపోతే?" అని తోటి పండితుడు అడిగాడు.

"కుండ అటకెక్కుతుంది. ఆ ఊళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి," అంది ఆమె.

మూడో ఏడు ఆమె ఎవరికీ నమస్కారం పెట్టలేదు. గిన్నె నీళ్ళను తాకగానే మొదలుపెట్టింది.

"ఆ ఊళ్ళల్లో నలభై ఏళ్ళ మనిషి ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. నిలబడి తలెత్తలేడు. ఈ కుండలో నీళ్ళు తాగి పెరిగిన పిల్లలు నిలబడే చూస్తారు."

గురువుల పేర్లు వినపడనందుకు ముసలి పండితులు గుసగుసలాడారు. వర్తకులు మాత్రం ఆవలించడం మరిచిపోయారు. బయట పల్లకీల దగ్గర కూర్చున్న బోయీలు కొందరు లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

వర్తకులందరిలోకీ పెద్దవాడు ముందుకు వంగాడు. "ఎన్నాళ్ళు పనిచేస్తుందమ్మా?"

"నలభై రోజులండీ. ఆ తర్వాత అది మామూలు కుండే."

పండితులు తలలు పట్టుకున్నారు. సొంత సరుకు లోపాన్ని సంతలో చాటుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? కానీ పెద్ద వర్తకుడి ముఖం విచ్చుకుంది.

"అంటే ప్రతి ఇంటివాళ్ళూ నలభై రోజులకొక కుండ కొనుక్కోవాలి. భేష్! ఊరూరా కుమ్మరి సారెలు తిప్పిస్తాను. ఈ కుండ నాది."

విద్యాలయాన్ని నడిపే పెద్దాచార్యుడు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు. గిన్నె ఇంకా సగమే నిండింది. మిగిలిన సగమూ ఆమె నోరు మూసుకుని కూర్చుంటే పదకొండేళ్ళ కష్టం గట్టెక్కినట్టే.

"ఇంకో మాట ఉందండీ," అంది ఆమె.

పెద్దాచార్యుడు గట్టిగా దగ్గాడు. ఆమె అటు చూడలేదు.

"మళ్ళీ కొనక్కర్లేదు. అదే కుండను పిడకల మంటలో ఒక పూట కాలిస్తే మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. పగిలేదాకా అలా కాల్చుకుంటూ వాడుకోవచ్చు. మొన్న మాఘంలోనే నాకు తేలింది."

ముందుకు వంగిన పెద్ద వర్తకుడు వెనక్కి ఆనుకున్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అన్నాడు వర్తకుడు.

"తెలిసేది కాదండీ."

"మరెందుకు చెప్పావు?"

"తాగేవాళ్ళకు తెలియాలి కదండీ."

వర్తకుడు చెడ్డవాడు కాడు. ఆయన సారెలను నమ్ముకుని వందమంది కుమ్మరులు బతుకుతున్నారు.

"ఒకసారి కొని ఊరుకునే సరుకుతో నా సారెలు తిరగవమ్మా," అని లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. వాళ్ళు గుమ్మం దాటకముందే గిన్నె మునిగింది.

నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకుందని పండితులు వాపోయారు. ఆమె పెరట్లోకి వెళ్ళి పెంకుల కుప్ప పక్కన కూర్చుని ఏడ్చింది. పదకొండేళ్ళు పెంచినదాన్ని పోగొట్టుకుంటే ఏడుపు రాదా? కానీ ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని మాత్రం ఆమెకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

పెద్ద వర్తకుడు వెళ్ళి పల్లకీలో కూర్చున్నాడు. పల్లకీ లేవలేదు. కేక వేశాడు. ఎవరూ పలకలేదు. తెర తీసి చూస్తే బొంగు పట్టేవాడు ఒక్కడూ లేడు.

ఎనిమిది మంది బోయీలూ పెరట్లో ఆమె ముందు నిలబడి ఉన్నారు.

"మాది ఆ నీళ్ళ ఊరేనమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "ఇంటికాడనే కాల్చుకోవచ్చంటివి గదా. పిడకలెన్ని పెట్టాల? ఏ పొద్దుదాకా కాల్చాల?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. వాళ్ళను కూర్చోబెట్టి, ఎర్రరాయి ముక్క చేతికిచ్చి, దాని రంగు గుర్తుపట్టమంది. తర్వాత మట్టిలో చేతులు పెట్టించింది. కుండను అటక మీదికి తీసుకుపోదామని పెద్దాచార్యుడు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు. తాళంచెవి మొలలో దోపుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

బోయీలను వెతుక్కుంటూ వర్తకుడు అక్కడికి వచ్చాడు. ఇన్నేళ్ళలో సభ దాటి పెరట్లోకి అడుగుపెట్టిన వర్తకుడు ఆయనొక్కడే. మోచేతుల దాకా మట్టితో ఉన్న పెద్ద బోయీ గబుక్కున లేవబోయాడు.

"వస్తన్నామయ్యా, ఒక్క చణం."

"కూర్చో," అన్నాడు వర్తకుడు. "మీది ఏ ఊరు?"

బోయీ ఊరి పేరు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన్ను మోస్తున్నాడు. ఆ ప్రశ్న వినడం అదే మొదలు.

"ఈ కాల్చే పని మీ ఊళ్ళో అందరికీ చేతనవుతుందా?"

"నేర్పితే ఎందుకు కాదయ్యా? నేర్పేటోళ్ళు ఊరికి రావాల గదా."

ఊరూరా వెళ్ళి నేర్పి రాగల కుమ్మరులు తన దగ్గర వందమంది ఉన్నారని వర్తకుడికి తట్టింది. పెంకుల కుప్పను కింది నుంచి పై దాకా చూశాడు. తర్వాత చెప్పులు విప్పి పక్కన పెట్టి, పట్టుపంచె ఎగ్గట్టి, ఎనిమిదో బోయీ పక్కన మట్టిలో చతికిలబడ్డాడు.

"ముందు నాకు నేర్పమ్మా," అన్నాడు.